పాత కారు విప్పిన మనిషి

పోయిన సంక్రాంతికి మా పెద్దనాన్నగారి అబ్బాయి ఒక పాత జర్మన్ సెడాన్ కొన్నాడు. పన్నెండేళ్ల బండి. ఆరు సిలిండర్లు, లెదర్ సీట్లు, పైన సన్‌రూఫ్. కొత్తలో దాని రేటు చెప్తే మా పెద్దనాన్న రెండుసార్లు అడిగారు, ఒక సున్నా ఎక్కువ విన్నానేమో అని. ఇప్పుడు మాత్రం కొత్త చిన్న కారు రేటుకే వచ్చేసింది. పెద్దమ్మ బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. వారం తిరక్కుండా డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ దీపావళిలా వెలిగాయి. అయినా మా అన్నయ్య ఆ లైట్ల సంగతి చూడకుండా ముందు సైలెన్సర్ మార్పించాడు. బండి వీధి మొదట్లో ఉండగానే ఇంట్లో అందరికీ వినపడాలట.

ఆ సెలవుల్లోనే అందరం హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లాం. అక్కడ నిజాం కోసం తయారైన పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. అన్నయ్య దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఎలా ఉంటుందో అని నేను అన్నాను. దానికి అసలు సౌండే రాదట, అదే దాని గొప్పతనమట. ఈ మాట చెప్తున్నది బోలెడు డబ్బు పోసి సౌండ్ పెంచుకున్న మనిషి! నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక ఆ బండి చేసినాయన గురించి చదవడం మొదలుపెట్టాను. చదివాక తెలిసింది, ఆయన కథ కూడా ఒక సెకండ్ హ్యాండ్ కారుతోనే మలుపు తిరిగిందని.

ఆయన పేరు ఫ్రెడరిక్ హెన్రీ రాయిస్. 1863 మార్చి 27న ఇంగ్లండ్‌లో పీటర్‌బరో దగ్గర ఆల్వాల్టన్ అనే ఊళ్లో పుట్టాడు. ఐదుగురు పిల్లల్లో ఆఖరివాడు. తండ్రి పిండి మర నడిపేవాడు. అది దివాలా తీసింది. కుటుంబం లండన్ చేరింది కానీ అక్కడా నిలదొక్కుకోలేదు. 1872లో తండ్రి పేదల ఆశ్రమంలో చనిపోయాడు. అప్పటికి హెన్రీకి తొమ్మిదేళ్లు. పేపర్లు అమ్మాడు, తర్వాత టెలిగ్రామ్‌లు మోశాడు. మొత్తం మీద బడికి వెళ్లింది ఏడాది మాత్రమే అంటారు. మనం ఇక్కడ సెమిస్టర్‌కి ఆరు సబ్జెక్టులని గోల పెడుతున్నాం.

పదిహేనేళ్ల వయసప్పుడు ఒక మేనత్తో పిన్నో (ఇంగ్లీషులో అందరూ ఆంటీలే కాబట్టి తేల్చుకోలేకపోయాను) ఏడాదికి ఇరవై పౌండ్లు కట్టి పీటర్‌బరో రైల్వే వర్క్‌షాప్‌లో అప్రెంటిస్‌గా చేర్పించింది. గ్రేట్ నార్తర్న్ రైల్వే వాళ్ల వర్క్‌షాప్ అది. లేత్ మీద పని, ఆకురాయితో ఇనుమును వెంట్రుకవాసి తేడా లేకుండా అరగదీయడం, అన్నీ అక్కడే పట్టుబడ్డాయి. మూడేళ్లు గడిచాక ఆమె దగ్గర డబ్బులు అయిపోయాయి. కోర్సు పూర్తి కాలేదు. అంటే మన భాషలో ఆయన డ్రాపవుట్, అది కూడా ఫీజు కట్టలేక. కాలేజీ మానేసి కోటీశ్వరులైన వాళ్ల కథలు మనం చాలా వింటాం. వాళ్లలో ఎక్కువమందికి వెనక్కి వెళ్లడానికి ఒక ఇల్లుంది. ఈ అబ్బాయికి అది లేదు.

లీడ్స్‌లో ఒక పనిముట్ల కంపెనీలో కొన్నాళ్లు చేశాడు. అక్కణ్నుంచి లండన్‌లో కరెంటు దీపాల కంపెనీలో చేరాడు. కరెంటు అప్పుడు ఇప్పటి ఏఐ లాంటిది, అందరూ దాని గురించే మాట్లాడేవాళ్లు, తెలిసినవాళ్లు మాత్రం కొద్దిమంది. అందుకే డిగ్రీ లేకపోయినా పని తెలిసినవాడికి చోటు దొరికింది. ఇరవై ఏళ్లు నిండకుండానే లివర్‌పూల్‌లో వీధులకీ థియేటర్లకీ దీపాలు పెట్టే పని చూసుకునేవాడు. ఆ కంపెనీ కూడా మూతపడింది.

1884లో మాంచెస్టర్ వెళ్లి కుక్ స్ట్రీట్‌లో సొంతంగా చిన్న వర్క్‌షాప్ పెట్టాడు. తన దగ్గరున్నవి ఇరవై పౌండ్లు. ఎర్నెస్ట్ క్లేర్‌మాంట్ అనే స్నేహితుడు యాభై పెట్టాడు. డోర్‌బెల్ సామాన్లు, దీపాల హోల్డర్లు లాంటివి చేసేవాళ్లు. వర్క్‌షాప్ పైగదిలోనే పడుకునేవాళ్లు, పనికి వాడే కొలిమి మీదే వంట చేసుకునేవాళ్లు అని చెప్తారు. హాస్టల్ రూమ్‌లో ఇస్త్రీ పెట్టె మీద ఆమ్లెట్ వేసే మనవాళ్లకి ఇది అర్థమవుతుంది. తర్వాత డైనమోలు, ఆ తర్వాత కరెంటు క్రేన్లు. రాయిస్ డైనమో అంటే నిప్పురవ్వలు రాలకుండా నడుస్తుందని పేరొచ్చింది. రవ్వ అంటే వేస్టు, వేస్టు అంటే ఎక్కడో తప్పు. ఆయన బుర్ర ఎప్పుడూ అలాగే పనిచేసేది. 1893లో ఆయనకీ క్లేర్‌మాంట్‌కీ పెళ్లిళ్లయ్యాయి, అక్కాచెల్లెళ్లతో. అలా పార్ట్‌నర్లు తోడల్లుళ్లు కూడా అయ్యారు.

1900 దాటాక రోజులు మారాయి. జర్మనీ నుంచి, అమెరికా నుంచి తక్కువ ధరకి డైనమోలు, క్రేన్లు దిగాయి. సరుకు నాణ్యత కొంచెం తగ్గించి మనమూ రేటు తగ్గిద్దామా అన్నది కంపెనీ ముందున్న ప్రశ్న. రాయిస్ కుదరదన్నాడు. ఆర్డర్లు పడిపోయాయి. ఆయన ఇంకా ఎక్కువ పని చేశాడు. భోజనం గుర్తుండేది కాదు. ఒక కుర్రాడు గ్లాసు పాలు పట్టుకుని ఆయన వెనకే తిరిగి తాగించేవాడని ఒక కథ ఉంది. 1902లో మనిషి కుప్పకూలాడు. అందరూ బలవంతం చేసి దక్షిణాఫ్రికాలో భార్య తరఫు బంధువుల దగ్గరికి విశ్రాంతికి పంపారు. ఓడలో ఆయన విశ్రాంతి ఏమిటంటే, మోటారు కార్ల మీద వచ్చిన ఒక పుస్తకం చదువుకోవడం.

తిరిగొచ్చాక ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. పది హార్స్ పవర్, రెండు సిలిండర్ల డెకోవిల్. డెకోవిల్ అంటే ఫ్రాన్స్‌లో చిన్న రైళ్లకి పట్టాలు చేసే కంపెనీ, కార్లు కూడా చేసేది. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. అది చెత్త బండి కాదు. ఆ రోజుల్లో మంచి కార్లన్నీ ఫ్రాన్స్‌వే, వాటిలో ఇదీ ఒకటి. కారు కొనడమంటేనే డబ్బున్నవాళ్ల వ్యవహారం. అంటే ఆయన కొన్నది మా అన్నయ్య కొన్నలాంటిదే, ఒకప్పుడు ఎవరో మోజుపడి కొనుక్కున్న ఖరీదైన బండి, పాతబడ్డాక.

బండి రైల్వే స్టేషన్‌లో దిగింది కానీ స్టార్ట్ కాలేదనీ, మనుషుల్ని పెట్టి వర్క్‌షాప్ దాకా తోయించారనీ అంటారు. స్టార్టయ్యాక ఇంకో బాధ. గోల. వణుకు. మండించే కరెంటు నమ్మకంగా అందదు. ఊళ్లోకి వెళ్తే తిరిగొస్తామో లేదో తెలియదు. మామూలుగా అయితే ఏం చేస్తాం? కంపెనీని తిట్టుకుంటాం, లేదా ఇంకొకడికి అంటగడతాం. రాయిస్ దాన్ని పూర్తిగా విప్పేశాడు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. సెకండ్ ఇయర్‌లో మాకు ఒక పాత ప్రాజెక్టు ఇచ్చారు. సీనియర్లు ఎప్పుడో రాసిన కోడ్, కామెంట్లు లేవు, వేరియబుల్ పేర్లు ఏ, బీ, ఏఏ, బీబీ. మా టీమ్‌లో నలుగురం పది నిమిషాలు చూసి మొత్తం తీసేసి కొత్తగా రాద్దామని తీర్మానించుకున్నాం. మూడు వారాల తర్వాత మేం రాసింది ఆ పాతదానికన్నా ఘోరంగా తయారైంది. ఎందుకంటే పాతది ఎందుకలా ఉందో మేం చదవలేదు. రాయిస్‌కి కార్లంటే అప్పటికి కొత్త. కానీ తన పరిశోధన కోసం తెల్ల కాగితం తీసుకోలేదు. ఎదురుగా ఉన్న, నడుస్తున్న, కొంచెం బాగున్న వస్తువును పట్టుకుని, ఒక్కో ముక్కా చేతిలోకి తీసుకుని, ఇది ఎందుకు అరుస్తోంది, ఇది ఎందుకు వణుకుతోంది అని చూశాడు.

ముందు ఆ డెకోవిల్‌లోనే మార్పులు చేశాడు. చేసేకొద్దీ ఒక సంగతి తేలింది. ప్లాన్‌లో పెద్ద తప్పేం లేదు. తప్పంతా పనితనంలో ఉంది. ఇది మెకానికల్ ఫ్రెండ్‌ని అడిగి అర్థం చేసుకున్నాను, తప్పుంటే వాడిదే. ఇంజిన్‌లో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. ఆ ఆటను గుండ్రంగా తిప్పేది క్రాంక్‌షాఫ్ట్. అది సరిగ్గా బ్యాలెన్స్ కాకపోతే ప్రతి చుట్టుకీ బండిని ఒక దెబ్బ కొడుతుంది. నిమిషానికి వందల దెబ్బలు. పళ్లచక్రాలు ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చోకపోతే అరుస్తాయి. ప్లగ్‌కి రవ్వ సరైన క్షణంలో అందకపోతే ఇంజిన్ తడబడుతుంది. శబ్దమంటే బండి తన జబ్బు తానే చెప్పుకోవడం. సైలెన్సర్ పెద్దది పెడితే సగం శబ్దం పోతుంది, రాయిస్ అదీ చేశాడు. కానీ మిగతా సగం మూలంలో పోవాలి. నిప్పురవ్వలు రాలని డైనమో చేసిన మనిషికి కరెంటు భాగం కొట్టిన పిండి. రైల్వేలో ఆకురాయి పట్టిన చేతికి మిగతాది తెలుసు.

కొన్నాళ్లకి సొంతంగా మూడు కార్లు చేస్తానని ప్రకటించాడు. ఇప్పుడు క్లేర్‌మాంట్ వైపు నుంచి ఆలోచించండి. కంపెనీకి ఆర్డర్లు లేవు. పార్ట్‌నర్ నిన్నగాక మొన్న జబ్బుపడి లేచాడు. క్రేన్లు చేయాల్సిన కుర్రాళ్లని తీసుకుని మూల కూర్చుని పాత ఫ్రెంచి కారు విప్పుతున్నాడు, పైగా ఇప్పుడు కార్లు చేస్తాడట. నేనైతే గొడవపెట్టుకునేవాణ్ని. ఆయన సణుక్కున్నా ఆపలేదు. జీవిత చరిత్రల్లో ఇలాంటి వాళ్లకి ఒక పేరా కూడా ఇవ్వరు, అందుకే నేను ఇస్తున్నాను.

1904 ఏప్రిల్ 1న మొదటి రాయిస్ కారు వర్క్‌షాప్ గేటు దాటింది. అవును, ఫూల్స్ డే. ఆయనే నడుపుకుంటూ నట్స్‌ఫర్డ్‌లో ఉన్న తన ఇంటికి వెళ్లాడు. రెండు సిలిండర్లు, పది హార్స్ పవర్, అంటే కాగితం మీద చూస్తే డెకోవిల్‌కీ దీనికీ తేడా లేదు. తేడా అంతా చెవికి తెలిసేదే. మూడింట్లో ఒకటి క్లేర్‌మాంట్‌కి ఇచ్చాడు. కొత్త భాగాలన్నీ దాని మీదే టెస్ట్ చేసేవాడు కాబట్టి అది మాటిమాటికీ ఆగిపోయేదట. బండి ఆగితే పిచ్చి ప్రశ్నలు వేయొద్దని క్లేర్‌మాంట్ లోపల ఒక బోర్డు పెట్టుకున్నాడని చెప్తారు. ప్రొడక్షన్‌లో టెస్టింగ్ చేయడం మనతో మొదలు కాలేదన్నమాట.

మూడో కారు హెన్రీ ఎడ్మండ్స్ అనే డైరెక్టర్ చేతికి వెళ్లింది. ఆయనకి లండన్‌లో చార్లెస్ రోల్స్ తెలుసు. రోల్స్ జమీందారీ ఇంటి బిడ్డ, కేంబ్రిడ్జిలో ఇంజినీరింగ్ చదివాడు, ఫ్రెంచి కార్లు తెప్పించి అమ్మేవాడు, అమ్మడానికి మంచి ఇంగ్లీషు కారు లేదని బాధపడేవాడు. పైగా రెండు సిలిండర్ల బండంటే వణుకుతుందని ఆయనకి పడదు. 1904 మే 4న మాంచెస్టర్‌లోని మిడ్‌లాండ్ హోటల్‌లో ఇద్దరూ కలిశారు. రోల్స్ కారెక్కాడు. దిగాక రాయిస్ ఎన్ని కార్లు చేస్తే అన్నీ తానే అమ్ముతానని ఒప్పుకున్నాడు. ఒకాయన లార్డు కొడుకు, ఇంకొకాయన టెలిగ్రామ్‌లు మోసిన కుర్రాడు. పేర్లలో మాత్రం లార్డు కొడుకు పేరే ముందుంది. మార్కెటింగ్ వాళ్లు ఎప్పుడూ అంతే.

ఆ తర్వాతిది అందరికీ తెలిసిన భాగం, తొందరగా చెప్పేస్తాను. 1906లో రోల్స్ రాయిస్ కంపెనీ ఏర్పడింది. అదే ఏడాది ఆరు సిలిండర్ల పెద్ద కారు తెచ్చారు. ఆ మోడల్ కారు ఒకదానికి 1907లో వెండి రంగు వేసి సిల్వర్ ఘోస్ట్ అన్నారు. దయ్యంలా చప్పుడు చేయకుండా వస్తుందని. దాన్ని 15,000 మైళ్లు పరీక్షగా నడిపి, తర్వాత విప్పి చూస్తే భాగాల అరుగుదల చాలా తక్కువని తేలింది. 1908లో ఫ్యాక్టరీ డెర్బీకి మారింది. మన నిజాంల దాకా ఆ బండ్లు వచ్చాయి. 1910 జూలైలో రోల్స్ విమాన ప్రమాదంలో చనిపోయాడు, ముప్పై రెండేళ్లకి. పేరులో సగం మనిషి పోయాడు.

మిగతా సగం మనిషి కూడా పోయేవాడే. 1911లో రాయిస్ మళ్లీ కుప్పకూలాడు. 1912లో పెద్ద ఆపరేషన్ జరిగింది. డాక్టర్లు నెలల్లో లెక్క చెప్పారు. నలభై తొమ్మిదేళ్లు. చిన్నప్పుడు సరిగ్గా తినకపోవడం, పెద్దయ్యాక తినడం మర్చిపోవడం, రెండూ కలిసి వసూలు చేసుకున్నాయి. ఇంటి జీవితమూ నిలవలేదు, భార్యాభర్తలు విడిగా ఉన్నారు. నర్సు ఎథెల్ ఆబిన్ చివరిదాకా ఆయన్ని చూసుకుంది. మన క్యాంపస్‌లో రాత్రంతా మేలుకుని కోడ్ రాయడం ఒక గొప్పగా చెప్పుకుంటాం, నేనూ చెప్పుకున్నాను. ఇంటర్నెట్‌లో ఈయన పేరు పెట్టి తిరిగే స్ఫూర్తి పోస్టర్లు చాలా ఉన్నాయి. ఆ ఆపరేషన్ సంగతి ఒక్క పోస్టర్ మీదా నాకు కనపడలేదు.

కంపెనీ వ్యవహారాలు చూసే క్లాడ్ జాన్సన్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఈ మనిషిని ఫ్యాక్టరీకి దూరంగా ఉంచితేనే బతుకుతాడు. అందుకని శీతాకాలం దక్షిణ ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డున లె కెనడెల్‌లో, మిగతా కాలం ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఇల్లు ఏర్పాటు చేశారు. డెర్బీ వైపు ఆయన దాదాపు వెళ్లనే లేదు. డిజైనర్లే డ్రాయింగులు పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. నెలల్లో పోతాడన్న మనిషి ఇంకో ఇరవై ఏళ్లు అలా వర్క్ ఫ్రమ్ హోమ్ చేశాడు. ముక్కను చేత్తో పట్టి చూడటమే ఆయన విద్య. ఇప్పుడా ముక్క వందల మైళ్ల అవతల ఉంది. ఉత్తరాలతో, గీతలతో సరిపెట్టుకోవాలి.

అలా కూర్చునే మొదటి ప్రపంచ యుద్ధంలో ఈగిల్ అనే విమాన ఇంజిన్ డిజైన్ చేశాడు. 1919 జూన్‌లో ఆల్కాక్, బ్రౌన్ మొట్టమొదటిసారి ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటిన విమానానికి రెండు ఈగిల్ ఇంజిన్లే ఉన్నాయి. ఇది చదివినప్పుడు నాకు తోవలో ఆగిపోయే డెకోవిల్ గుర్తొచ్చింది. కింద సముద్రం ఉన్నప్పుడు ఇంజిన్ ఆగితే దిగి తోయడం ఉండదు.

చివరి పెద్ద పని ఆర్ ఇంజిన్. రేసు విమానాల కోసం. అదీ కొత్తగా పుట్టింది కాదు. బజర్డ్ అనే తమ సొంత పాత ఇంజిన్ ఒకటుంది, సుమారు 900 హార్స్ పవర్ ఇచ్చేది. దాన్ని తీసుకుని మార్చారు. పద్ధతి ఏమిటంటే, ఇంజిన్‌ని పూర్తి వేగంతో నడపడం, ఏది ముందు విరిగితే దాన్ని మళ్లీ డిజైన్ చేయడం, మళ్లీ నడపడం, ఇంకోటి విరిగేదాకా. 1931కి అదే సైజు ఇంజిన్ 2,350 హార్స్ పవర్ ఇచ్చింది. ఆ ఏడాది ఆ ఇంజిన్‌తో సూపర్‌మెరైన్ విమానం గంటకి 400 మైళ్లు దాటింది. నా అన్నయ్యకి ఈ అంకె చెప్పాను. తన బండికి ముప్పై హార్స్ పవర్ పెంచడానికి సాఫ్ట్‌వేర్ మార్పించి గేర్‌బాక్స్ పోగొట్టుకున్న మనిషి, చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఏది ముందు విరుగుతుందో తెలుసుకోవడం దాకా తనూ కరెక్టుగానే చేశానని తర్వాత అన్నాడు.

1930లో రాయిస్‌కి బారొనెట్ బిరుదు ఇచ్చారు, సర్ హెన్రీ అయ్యారు. ఎవరైనా అడిగితే మాత్రం తాను మెకానిక్‌నని చెప్పుకునేవారంటారు.

1933 ఏప్రిల్ 22న వెస్ట్ విటరింగ్‌లోని ఇంట్లో చనిపోయారు. డెబ్బై ఏళ్లు. పోవడానికి కొద్ది గంటల ముందు మంచం మీద కూర్చుని ఒక కాగితం మీద ఏదో గీసి, డెర్బీలో కుర్రాళ్లకి పంపమని నర్సుకి ఇచ్చారట. షాక్ అబ్జార్బర్ బొమ్మ అది. రోడ్డు గతుకుల్ని బట్టి డ్రైవరే గట్టిగానో మెత్తగానో మార్చుకునేలాంటిది. బండి కుదుపు ఇంకా పూర్తిగా పోలేదన్నమాట. ఆ కాగితం ఫ్యాక్టరీకి చేరేసరికి గీసిన మనిషి లేరు.